వేగుచూపు, దూరపు గురి

యుద్ధంలో దూరపు గురి అనగానే సామాన్య పాఠకుడి మనసులో మెదిలేవి సినిమాల్లో చూసిన పొడవాటి తుపాకి, దానిమీది దుర్భిణి, మీటమీద బిగిసిన వేలు; సైనిక శాస్త్రం మాత్రం ఈ విద్యను ముందుగా వేగు విద్యగానూ, ఆ తర్వాతే తుపాకి విద్యగానూ లెక్కిస్తుంది. పదాతి దళానికి ముందు నడిచి, శత్రువు ఎక్కడ దిగాడో, ఎంత బలగంతో ఉన్నాడో, ఏ దారిన కదులుతున్నాడో చూసివచ్చి చెప్పేవాణ్ని తెలుగువారు వేగులవాడు అన్నారు, ఇంగ్లీషు సైన్యాలు స్కౌట్ అన్నాయి. ఆ వేగులవాడి చేతికి దూరం పోయే తుపాకి ఇచ్చి, కనిపించిన పదిమందిలో ఎవరు పడితే మిగిలిన తొమ్మిదిమందీ నిలిచిపోతారో తేల్చుకుని ఆ ఒక్కరినే కాల్చమంటే, అతడు స్నైపర్ అవుతాడు. అతని దినచర్యలో కాల్చే క్షణాలు చాలా తక్కువ. పడుకుని చూడటం, చూసినదాన్ని రాసిపెట్టుకోవడం, కదలకుండా ఉండటం, మళ్లీ చూడటం, ఇందులోనే గంటలూ రోజులూ గడిచిపోతాయి.

ఆ ఇంగ్లీషు మాట పుట్టింది ఈ దేశంలోనే. స్నైప్ అనేది తెలుగువారు ఉల్లంకి అనే పొడుగుముక్కు పిట్ట. చలికాలంలో వలస వచ్చి తడి మడుల్లో, చిత్తడి గడ్డిలో మెసలుతుంది, నేలరంగులో కలిసిపోయి అడుగు దూరంలో ఉన్నా కంటికి ఆనదు, లేచినప్పుడు మెలికలు తిరుగుతూ ఎగిరిపోతుంది. దాన్ని కొట్టగలిగినవాడు మంచి గురికాడని పేరు. 1770ల నాటికి ఇక్కడి ఇంగ్లీషు అధికారులు ఇళ్లకు రాసిన ఉత్తరాల్లో ఈ పిట్టవేటకు స్నైపింగ్ అనే మాట వాడుకలోకి వచ్చింది. పొంచి ఉండి మనుషుల్ని కాల్చేవాడికి అదే పేరు స్థిరపడటానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. అంటే ఈ పేరులో కూడా తుపాకి కన్నా ముందు, దాగినదాన్ని కనిపెట్టే కన్నే ఉంది.

అయితే చూపు ఎంత దూరం పోయినా ఆయుధం అంత దూరం పోని కాలమే చరిత్రలో ఎక్కువ. గుంటూరు నుంచి ఒంగోలు దాకా పరచుకున్న నల్లరేగడి మైదానంలో అక్కడక్కడా కొండలు ఒంటరిగా లేచి ఉంటాయి. కొండవీడు, బెల్లంకొండ, వినుకొండ దుర్గాలు వాటిమీద కట్టినవే. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతినుంచి కొండవీటిని గెలుచుకున్నప్పుడు, కొండ బురుజు మీది కాపలావాడు కోసుల దూరాన రేగే దుమ్మును చూసి సైన్యం రాకను చెప్పగలిగి ఉండాలి గాని, అతని బాణం ఆ దూరంలో చిన్న భాగమైనా దాటగలిగేది కాదు. తర్వాత వచ్చిన తుపాకులూ ఈ లోటును వెంటనే తీర్చలేదు. 18వ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో చేరిన తెలుగు సిపాయిలకు ఎంత పేరు వచ్చిందంటే, ఉత్తర భారతంలో తిలంగా అన్న మాటకు సిపాయి అన్న అర్థమే స్థిరపడిపోయింది. కాని వారి చేతుల్లోని మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉండేది, దానికన్నా కాస్త చిన్నదైన సీసపు గుండు గోడలకు తగులుకుంటూ బయటికి వచ్చి ఎటు పోతుందో తెలియకుండా పోయేది. అందుకే ఆనాటి సైన్యాలు బారులు తీరి నిలబడి, నూరు గజాల లోపలికి వచ్చాక, అందరూ ఒక్కసారే కాల్చేవి; ఒక్కడి గురికి అక్కడ విలువ లేదు.

విలువ తెచ్చింది గొట్టం లోపల మెలితిరిగిన గాడులు. ఇంగ్లీషులో రైఫిలింగ్ అనే ఈ గాడులు తూటాను బొంగరంలా తిప్పుతాయి. తిరిగే బొంగరం ఎలా పక్కకు ఒరగకుండా నిలుస్తుందో, తిరిగే తూటా కూడా ముక్కు చెదరకుండా అలాగే సూటిగా పోతుంది. 1857లో సిపాయిల తిరుగుబాటుకు నిప్పంటించిన కొవ్వు తూటాలు ఇలాంటి గాడుల గొట్టమున్న ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కోసం వచ్చినవేనన్న సంగతి చాలామందికి గుర్తుండదు. మతం చెడుతుందన్న భయం వెనుక గురి పెరిగిన తుపాకి ఒకటి ఉంది. అంతకు ముందే, 1839-42 నాటి అఫ్గాన్ యుద్ధంలో, అక్కడి కొండవాళ్లు జెజైల్ అనే పొడుగు గొట్టపు నాటు తుపాకితో, ఇంగ్లీషువారి మస్కెట్లకు అందని దూరం నుంచి కనుమల్లో చిక్కిన సైనికుల్ని ఏరి కాల్చి, గొప్ప సామ్రాజ్యానికి ఈ పాఠం ఖరీదుగా నేర్పారు.

తూటా సూటిగా పోతుందన్న మాట పూర్తిగా నిజం కాదు. గొట్టం దాటిన క్షణం నుంచి అది నేల వైపు పడుతూనే ఉంటుంది. భారత సైన్యం చాలాకాలంగా వాడుతున్న రష్యన్ ద్రాగునోవ్ రైఫిల్ తూటా సెకనుకు సుమారు 830 మీటర్ల వేగంతో బయలుదేరినా, 600 మీటర్లు చేరడానికి దాదాపు ఒక సెకను పడుతుంది, ఆ సెకనులో అది గొట్టం చూపిన గీత నుంచి మూడు నాలుగు మీటర్లు కిందికి దిగిపోతుంది. కనుక గురికాడు గొట్టాన్ని లక్ష్యానికి పైన, చెట్టుమీది కాయకు రాయి విసిరే పిల్లవాడిలా, లెక్కకట్టి ఎత్తిపెట్టాలి. ఆ లెక్కకు దూరం కచ్చితంగా తెలియాలి. 600 మీటర్లను 700 అని పొరబడితే తూటా అనుకున్న చోటికి దాదాపు మీటరు ఎత్తున దాటిపోతుంది. దూరాన్ని కట్టడానికి దుర్భిణి అద్దంలో గీతలు చెక్కి ఉంటాయి. మిల్ అనే కొలత ప్రకారం వెయ్యి మీటర్ల అవతల ఒక మీటరు ఎత్తున్న వస్తువు ఒక మిల్లు ఆక్రమిస్తుంది, కాబట్టి 1.7 మీటర్ల మనిషి అద్దంలో రెండు మిల్లులున్నాడంటే 850 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఈ లెక్క రాని కంటిని చదునైన నేల తేలిగ్గా మోసగిస్తుంది: మధ్యలో చెట్టూ చేమా లేకుండా ఒకే రంగు చేను పరచుకుని ఉంటే, అవతలి గట్టుమీది వస్తువు ఉన్నదానికన్నా దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది. చిలకలూరిపేట, పర్చూరు వైపు పత్తిచేల గట్లమీద నిలబడి దూరపు ఊరి గుడిగోపురాన్ని చూసి, ఇంతేగదా అని నడక మొదలుపెట్టినవారందరికీ ఇది అనుభవమే.

దూరం కన్నా మొండి శత్రువు గాలి. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి వీచే గాలి, అంటే ఆకులూ సన్నకొమ్మలూ ఎడతెగక కదిలేపాటి గాలి, 600 మీటర్ల ప్రయాణంలో తూటాను ముప్పాతిక మీటరుకు పైగా పక్కకు నెట్టేస్తుంది; మనిషి భుజాల వెడల్పు అర మీటరే. పైగా గాలి దారి పొడుగునా ఒకే తీరుగా వీచదు: కాల్చేవాడి దగ్గర ఒక తీరు, మధ్యలో కాలవగట్టు మీద ఒక తీరు, లక్ష్యం దగ్గర మరొక తీరు. అందుకని స్నైపర్ పక్కన స్పాటర్ అనే రెండోవాడు పెద్ద దుర్భిణితో పడుకుని గాలిని చదువుతూ చెబుతుంటాడు, చాలా సైన్యాల్లో ఈ ఇద్దరిలో ఎక్కువ అనుభవం ఉన్నవాడే దుర్భిణి పట్టుకుంటాడు. గాలి కంటికి కనిపించదు కాబట్టి అది కదిపేవాటిని చూడాలి. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అలాంటివి కొదవలేదు: పగిలిన పత్తికాయ నుంచి వేలాడే దూది పోగు, పొగాకు బ్యారన్ నుంచి లేచే పొగ, మిరప కల్లంలో కాయలు తిరగేసినప్పుడు లేచే ఘాటు దుమ్ము. మే నెలలో పగలంతా పడమటి నుంచి వడగాలి కొట్టి, సాయంత్రానికి బాపట్ల, చీరాల తీరాన సముద్రపు గాలి తిరగబడే ఈ నేలమీద, మధ్యాహ్నం కట్టిన లెక్క సాయంత్రానికి తలకిందులవుతుంది.

వీటన్నిటికన్నా మేలైన గాలి సూచి ఎండమావి. రాష్ట్రంలో వేడికి పేరుమోసిన రెంటచింతల వంటి చోట్ల, పైరు తీసేసి నెర్రెలిచ్చిన నల్లనేల ఎండను పీల్చుకుని, తనమీది గాలిపొరను కాగబెడుతుంది. వేడిగాలి పలచన, పైనున్నది చిక్కన, ఆ రెంటి గుండా వచ్చే వెలుతురు వంగి, దూరాన నీళ్లు అలలాడుతున్నట్టు కనిపిస్తుంది. కవులు దీన్ని భ్రమకు పోలికగా వాడుకున్నారు, గురికాడు మాత్రం దీన్ని నమ్మదగిన సాక్షిగా వాడుకుంటాడు: దుర్భిణిలో ఎండమావి అలలు నిటారుగా పైకి ఉడుకుతున్నట్టుంటే పక్కగాలి లేదని అర్థం, ఎడమనుంచి కుడికి వాలి పారుతుంటే గాలి అటు వీస్తున్నట్టు, అలలు సాగిపోయి చదునైపోతే గాలి జోరందుకున్నట్టు. సాక్షి నిజమే చెప్పినా కొంత మోసమూ లేకపోలేదు, ఎందుకంటే వంగిన వెలుతురులో లక్ష్యం ఉన్నచోట కాక కాస్త ఎత్తునో పక్కనో కనిపిస్తుంది. ఇక 45 డిగ్రీల ఎండలోని గాలి 15 డిగ్రీల చలిలోని గాలికన్నా సుమారు పదోవంతు పలచన గనుక తూటాకు అడ్డు తగ్గి, చలికాలంలో సరిచూసిన తుపాకి వేసవిలో కాస్త ఎత్తుగా కొడుతుంది. శీతల దేశాల్లో రాసిన పట్టికలు ఈ నేలకు అతకవు.

దూరపు గురిలోని భయానక లక్షణం ఒకటి ధ్వని లెక్కలో ఉంది. తూటా శబ్దం కన్నా రెండింతలకు పైగా వేగంతో బయలుదేరుతుంది, కనుక 600 మీటర్ల అవతల ఉన్నవాణ్ని తూటా చేరిన ముప్పాతిక సెకను తర్వాత గాని తుపాకి చప్పుడు చేరదు; తగిలినవాడు తనను కొట్టిన తుపాకి మోత వినడు. బతికినవాళ్లు మాత్రం, తూటా తలమీదుగా పోయేటప్పటి కొరడా దెబ్బలాంటి చిటుకుకూ, వెనకనే వచ్చే మొద్దు మోతకూ మధ్య వ్యవధిని కొలిచి, కాల్చినవాడు ఎంత దూరంలో ఉన్నాడో అంచనా కడతారు. వేగు విద్య ఇలా ఇరువైపులా పనిచేస్తుంది.

ఈ విద్యకు బడి పుట్టించింది మొదటి ప్రపంచ యుద్ధం. 1914-15లో ఫ్రాన్సు కందకాల్లో జర్మన్లు దుర్భిణి బిగించిన రైఫిళ్లతో, ఉక్కు పలకల చాటు కంతల గుండా, తల ఎత్తిన ప్రతివాణ్నీ కొట్టేవారు. బ్రిటిష్ సైన్యానికి దీనికి చాలాకాలం జవాబు లేకపోయింది. జవాబు వెతికినవాడు హెస్కెత్ ప్రిచర్డ్ అనే వేటగాడు, క్రికెట్ ఆటగాడు కూడా. అతడు 1916లో నెలకొల్పిన పాఠశాల పేరే అతని ఆలోచనను చెబుతుంది: గురి, పరిశీలన, వేగు అన్న మూడు మాటలనూ అందులో కలిపి పెట్టారు. అతని ఉపాయాల్లో ఒకటి తెలుగు రైతుకు ఇట్టే అర్థమవుతుంది. కాగితపు గుజ్జుతో మనిషి తలలు చేయించి, టోపీ పెట్టి, చేలో దిష్టిబొమ్మను నిలిపినట్టు కందకం మీదికి మెల్లగా ఎత్తించేవాడు. శత్రువు దాన్ని కొట్టగానే, తూటా దూసుకుపోయిన రెండు కంతల్లోంచి పెరిస్కోపుతో చూస్తే ఆ చూపు తిన్నగా కాల్చినవాడి చోటికే పోయేది. స్కాట్లండ్ కొండల్లో దొరల వేటలకు దారి చూపే గిల్లీలు అనే వేటకాపరులతో ఏర్పడిన లోవాట్ స్కౌట్లు అతనికి మంచి పరిశీలకులయ్యారు, గడ్డీ పీచూ కట్టుకుని నేలలో కలిసిపోయే గిల్లీ ముసుగు వారితోనే సైన్యాల్లోకి వచ్చింది. కెనడా సైన్యంలో పేరుమోసిన పెగామగబో కూడా ఒజిబ్వే అనే ఆదివాసి తెగకు చెందిన వేగరే. రెండో యుద్ధంలో ఫిన్లండ్‌కు చెందిన సీమో హాయ్‌హా, సోవియట్ యువతి ల్యుద్మిలా పావ్లిచెంకో వంటివారి పేర్లు వందల అంకెలతో కలిపి చెబుతుంటారు. ఆ అంకెల్లో ప్రచారం పాలెంతో తూచడం కష్టం గనుక వాటిని ఇంతకన్నా పట్టించుకోనక్కరలేదు.

మరి తెలుగు నేలమీద ఈ విద్య యుద్ధానికి దిగిన సందర్భం ఏది? మైదానంలో కాదు. 1922 మొదట్లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంత రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన ప్రభుత్వంతో తలపడ్డారు గాని, వారి ఆయుధం శిస్తు కట్టకపోవడం. పోలీసులూ సైనికులూ ఊళ్లలోకి వచ్చినా చేయెత్తకుండా నిలబడ్డారు, చౌరీచౌరా తర్వాత గాంధీజీ ఉద్యమం నిలిపివేసేదాకా. ఆ నిగ్రహానికి కారణం సిద్ధాంతమే, అందులో సందేహం లేదు. అయితే నేల స్వభావాన్ని కూడా మరచిపోకూడదు: పత్తి నిలిచి ఉన్న కొద్ది నెలలు తప్పిస్తే మనిషి దాగడానికి చాటు లేని రేగడి అది, దూరపు తుపాకి ఉన్నవాడిదే అక్కడ పైచేయి, ఆ తుపాకులు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. ప్రకాశం జిల్లా మోసే పేరు కూడా తుపాకి పట్టినవాడిది కాదు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనలో కాల్చమని ఛాతీ చూపిన టంగుటూరి ప్రకాశానిది.

అదే 1922లో, తూర్పు కనుమల్లో, అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గిరిజనులకు అడవి చాటిచ్చింది. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను వరుసగా పట్టి వారు సంపాదించింది 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు. పోలీసులకిచ్చే ఆ తుపాకులు దూరపు గురికి తగినవి కావు. దళంలో అందరికీ చాలేవీ కావు. ఉన్నది నేల ఎరుక. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి నాయకులకు ఏ ఘాటీ ఎక్కడ ఇరుకవుతుందో, ఏ వంక దగ్గర మనుషులు ఒకరి వెనుక ఒకరు నడవక తప్పదో తెలుసు. ప్రభుత్వ బలగాలు ఏ ఊళ్లో దిగాయో ముందుగా చెప్పే మనుషులు గూడెం గూడెంలో ఉన్నారు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో జరిగింది ఈ ఎరుక ఫలితమే. దళాన్ని వెతుకుతూ వచ్చిన పోలీసు బలగం కొండదారిలోకి ప్రవేశించింది. ముందు నడిచిన భారతీయ పోలీసులను పొదల్లో ఉన్నవారు ఒక్క గుండు పేల్చకుండా దాటిపోనిచ్చారు. వెనుక వచ్చిన ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను గురిచూసి కాల్చి చంపారు. సాధ్యమైనంతవరకు భారతీయుల ప్రాణం తీయకూడదన్నది రాజు నియమం, అధికారి పడితే బలగం నిలిచిపోతుందన్నది యుద్ధ నియమం. ఆ రోజున రెండూ ఒకే చోట కలిశాయి. దీన్ని దూరపు గురి అనడం అతిశయోక్తి, అడవిలో చూపే అంత దూరం పోదు. కాని ముందు వేగు, ఆపైన మాటు, ఎదురుగా మనుషులు నడిచిపోతున్నా మీట నొక్కని ఓర్పు, చివరికి ఎంచుకున్న మనిషినే కొట్టడం, ఇవన్నీ ప్రిచర్డ్ బడిలో నేర్పినవే. దూరం ఒక్కటి తప్ప స్నైపర్ విద్యలో ఏదీ ఇక్కడ లోపించలేదు. ప్రిచర్డ్ తన అనుభవాలను పుస్తకంగా వెలువరించి అప్పటికి రెండేళ్లే. కొండదొరలకు దాని పేరు కూడా తెలిసి ఉండదు.

విచిత్రమేమంటే ఈ విద్యకు పూర్తిగా విరుద్ధమైన అలవాటు కూడా రాజుకే ఉంది. ఫలానా చోటికి వస్తున్నానని ముందుగా కబురు పంపడం, ఆ ఉత్తరాన్ని మిరపకాయతో కలిపి బాణానికి కట్టి వదలడం, జనం మిరపకాయ టపా అని చెప్పుకునేది, ఆయన పేరుతో విడదీయరానిదైపోయింది. గుంటూరు కారానికి అలవాటు పడిన పాఠకుడికి ఈ సందేశం ఘాటు వేరే వివరించనక్కరలేదు. వీరుడికి ఇది కీర్తి. వేగరి లెక్కలో మాత్రం ఇది తప్పే, ఎందుకంటే కబురందిన ఠాణాలో తుపాకులు ఎదురుచూస్తూ కూర్చోవు. మాటు వేసిన దామనపల్లిలో దక్కిన ఫలితం చెప్పి వెళ్లిన చోట దళానికి దక్కలేదు.

19వ శతాబ్ది చివరి దశకాల్లో, తెలుగువారు యుద్ధానికి పనికిరాని జాతి అన్న అభిప్రాయంతో బ్రిటిష్ అధికారులు వారిని సైన్యంలోకి తీసుకోవడం బాగా తగ్గించారు. తెలుగు మన్యంలోని ఈ పోరాటాన్ని అణచడానికి అదే ప్రభుత్వం మలబారు ప్రత్యేక పోలీసులను తెచ్చి, వారూ చాలక, కొండ యుద్ధంలో ఆరితేరిన అస్సాం రైఫిల్స్‌ను ఈశాన్యం నుంచి రప్పించవలసి వచ్చింది. 1924 మే 7న రాజును పట్టుకుని కొయ్యూరులో కాల్చి చంపారు, జూన్‌లో గంటందొర కాల్పుల్లో నేలకొరిగాడు.

ఇప్పుడు భారత సైన్యం స్నైపర్లకు మహూ పట్టణంలోని పదాతి దళ పాఠశాలలో శిక్షణ ఇస్తోంది. 2019 నుంచి సరిహద్దులో ద్రాగునోవ్‌కు తోడుగా అంతకన్నా దూరం పోయే విదేశీ రైఫిళ్లు కూడా వచ్చాయి. 2017లో ఇరాక్‌లో ఒక కెనడా సైనికుడి తూటా 3,540 మీటర్ల దూరం దాటి లక్ష్యాన్ని తాకిందని ప్రకటించారు. అంత దూరానికి దాదాపు పది సెకన్లు పడుతుంది గనుక, ఆ పది సెకన్లూ లక్ష్యం కదలకుండా ఉంటుందని ముందే కనిపెట్టిన చూపుదే అందులో పెద్ద వాటా. ఆకాశంలో తిరిగే డ్రోన్లు వేగరి పనిలో కొంత లాక్కున్నాయి, వేగరినీ పట్టిస్తున్నాయి.

దామనపల్లిలో చనిపోయిన ఇద్దరు అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. తిరుగుబాటులో పట్టుబడి శిక్ష అనుభవించిన గాం మల్లుదొర, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.